కడుపుకో కట్టు, నోటికో కట్టు

జపాన్ గురించి తెలుగులో వచ్చే రాతల్లో నాకు రెండు ధోరణులు కనిపిస్తాయి. ఆ దేశం గర్భిణీ స్త్రీని ఎంత అపురూపంగా చూసుకుంటుందో చెప్పి మురిసిపోవడం ఒకటి. అక్కడి ఆడవాళ్ళు పిల్లల్ని కనడం మానేశారు, ఆ దేశం ముసలిదైపోతోంది అని నిట్టూర్చడం రెండోది. ఈ రెండూ పైకి వ్యతిరేకంగా కనిపిస్తాయి గానీ రెండింటి చూపూ ఒకచోటే ఉంటుంది, ఆడదాని కడుపు మీద. ఆ కడుపు మోస్తున్న మనిషికి నొప్పి ఉంటుందనీ, ఇష్టాయిష్టాలు ఉంటాయనీ, ఆమె ‘వద్దు’ అనగలదనీ ఆ రాతల్లో ఎక్కడా ఉండదు.

నేను 2011 నుంచి 2015 వరకు జపాన్‌లో ఉన్నాను. నా బిడ్డ అక్కడే పుట్టింది. ఆ దేశాన్ని తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ‘వాళ్ళ మూఢనమ్మకాలు’ అని ఎగతాళి చేసే అర్హత సీమంతాలూ పురిటి మైలలూ ఉన్న మనకి ఎలాగూ లేదు. ఒక ఆచారం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి నా దగ్గర రెండే ప్రశ్నలున్నాయి. దీనివల్ల ఎవరికి విశ్రాంతి దొరుకుతోంది? నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? ఈ రెండు ప్రశ్నలూ పక్కన పెట్టి ‘సంస్కృతి’ అని చేతులు జోడించడం స్త్రీవాదుల పని కాదు.

ముందు అందరికీ ముచ్చటగా అనిపించే ఆచారాన్నే తీసుకుందాం. ఐదో నెల రాగానే, పన్నెండు రోజులకొకసారి వచ్చే ‘కుక్క రోజు’ చూసి గర్భిణి పొట్టకి ఒక పొడవాటి గుడ్డ కడతారు. దాన్ని హరా ఓబి అంటారు. టోక్యోలో సుయితెన్‌గూ అనే దేవాలయం దీనికి ప్రసిద్ధి. ఆ రోజున గర్భిణులూ, వాళ్ళ అత్తలూ అమ్మలూ అక్కడ బారులు తీరతారు. ఆనవాయితీ ప్రకారం ఆ గుడ్డ పుట్టింటివాళ్ళు పెట్టాలి. మన సీమంతం సారె గుర్తొస్తోంది కదూ! కుక్క రోజే ఎందుకంటే, కుక్క సులువుగా, ఒక్క కాన్పులో నాలుగైదు పిల్లల్ని కంటుంది కాబట్టి.

కుక్కకి నొప్పి లేదని ఎవరు చెప్పారు? అది చెప్పుకోలేదు, అంతే. జపాన్ స్త్రీకి ఆదర్శంగా పెట్టింది ఆ మూగతనాన్నే అని నాకనిపిస్తుంది. పురిటి నొప్పుల్లో అరవడం సిగ్గుచేటనీ, పళ్ళు బిగపట్టి ఓర్చుకున్నదే తల్లి అనీ అక్కడ తరతరాలుగా నూరిపోశారు. ‘కడుపు నొప్పించుకుని కన్న బిడ్డ’ అనే మాట వాళ్ళ భాషలో జాతీయంగా స్థిరపడింది. సొంత బిడ్డ అని చెప్పడానికి నొప్పే సాక్ష్యం అన్నమాట. అందుకే అంత సాంకేతిక పరిజ్ఞానం ఉన్న దేశంలో నొప్పి తెలియకుండా ఇచ్చే ఎపిడ్యూరల్ ఇంజెక్షన్‌తో కాన్పు అయినవాళ్ళు 2023లో కూడా నూటికి పద్నాలుగు మందికి మించలేదు. ఫ్రాన్సులో ఈ సంఖ్య నూటికి ఎనభై. మత్తు డాక్టర్ల కొరత కూడా ఒక కారణమే. కాదనను. కానీ ఏ కొరతని తీర్చాలో, దేన్ని అలా వదిలెయ్యాలో నిర్ణయించేది విలువలే కదా! టోక్యో నగర ప్రభుత్వం 2025 అక్టోబరులో ఈ ఇంజెక్షన్ ఖర్చుకి లక్ష యెన్ల వరకు సాయం ఇవ్వడం మొదలుపెట్టింది. అది కూడా జననాల సంఖ్య అడుగంటాక.

ఇది చదివి మనం జబ్బలు చరుచుకోనక్కరలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశంలోకెల్లా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. ముహూర్తం పెట్టించి కడుపు కోయించే ఇళ్ళు మనకి తెలియనివి కావు. అక్కడ నొప్పి పడి తీరాలంటారు, ఇక్కడ నొప్పి రాకముందే కోసేస్తారు. రెండు చోట్లా బల్ల మీద పడుకున్న మనిషిని మాత్రం అడగరు. ‘సహజ ప్రసవం’ అని ఉద్యమించే మన మిత్రులు కూడా జపాన్‌ని ఉదాహరణగా చూపించేముందు ఈ సంగతి ఆలోచించాలి. సహజమైనదా, కృత్రిమమైనదా అన్నది కాదు సమస్య. ఆమె ఎంచుకున్నదా, కాదా అన్నది.

నా విషయంలో ఒక చిన్న అనుభవం చెబుతాను. నేను చూపించుకున్న క్లినిక్‌లో వెళ్ళిన ప్రతిసారీ ముందు బరువు చూసేవాళ్ళు. నెలలో రెండు కిలోలు పెరిగానని ఒక నర్సు నన్ను బడిపిల్లని మందలించినట్టు మందలించింది. ఇంటికొచ్చి అన్నం గిన్నె ముందు కూర్చుని ఏడ్చాను. అప్పుడు అమల్లో ఉన్న 2006 నాటి ప్రభుత్వ సూచనల ప్రకారం మామూలు బరువున్న గర్భిణి 7 నుంచి 12 కిలోల లోపే పెరగాలి. చాలామంది దాన్ని ఇంకా బిగించి పాటించేవాళ్ళు. పొదుపుగా తిను, ఒద్దికగా మొయ్యి, చిన్న బిడ్డని సులువుగా కను. ఇదీ సూత్రం. ఫలితం? ఆ సంపన్న దేశంలో పదిమంది శిశువుల్లో దాదాపు ఒకరు రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుడుతూ వచ్చారు. చివరికి 2021లో ఆ లెక్కని 10 నుంచి 13 కిలోలకి పెంచారు. అన్నేళ్ళు ఆడవాళ్ళు కడుపు మాడ్చుకున్నది తప్పుడు లెక్క కోసమని ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

ఇక మైల సంగతి. ప్రసవాన్ని అపవిత్రంగా చూడడం మన సొత్తే అనుకుంటాం గానీ, ‘కెగరె’ అనే మైల భావన అక్కడా బలంగా ఉంది. పదో శతాబ్దపు ఎంగిషికి అనే ధర్మగ్రంథం చావుకి 30 రోజులు, పురుడుకి 7 రోజులు మైల అని లెక్క కట్టింది. ఊరి చివర ‘ఉబుయా’ అనే పురిటి గుడిసెల్లో ఆడవాళ్ళు కనేవాళ్ళు. క్యోటో జిల్లాలో ఫుకుచియామా దగ్గర ఓబరాలో అలాంటి గుడిసె ఒకదాన్ని ఇప్పటికీ భద్రపరిచారు. 1872లో మెయిజీ ప్రభుత్వం పురిటి మైలని పాటించనక్కరలేదని ఆజ్ఞ ఇచ్చింది. ఆజ్ఞతో మైల పోతుందా? బిడ్డ పుట్టిన నెలకి దేవాలయానికి తీసుకెళ్ళే ‘ఓమియామైరి’ వేడుకలో బిడ్డని ఎత్తుకోవాల్సింది నాన్నమ్మ. ఎందుకంటే తల్లికి ఇంకా మైల తీరలేదు. ఇప్పుడు చాలా కుటుంబాల్లో తల్లే ఎత్తుకుంటోంది, నిజమే. అయినా ఫొటోలో అత్తగారి చేతుల్లో బిడ్డ, పక్కన ఖాళీ చేతులతో కన్నతల్లి ఉన్న దృశ్యం ఇంకా చెరిగిపోలేదు. 2018 ఏప్రిల్‌లో మయిజురు పట్టణంలో సుమో కుస్తీ వేదిక మీద మేయర్ కుప్పకూలితే, ప్రాణం కాపాడడానికి పరిగెత్తిన మహిళల్ని వేదిక దిగమని మైకులో ప్రకటించారు. అదే సంవత్సరం మనం శబరిమల చూశాం. మైలకి దేశం లేదు.

కొందరు అంటారు, పురిటి గుడిసె ఆడవాళ్ళకి అసలైన విశ్రాంతి అని. అత్త చాకిరీ లేదు, పొలం పని లేదు, తోటి ఆడవాళ్ళతో నాలుగు రోజులు కబుర్లు చెప్పుకోవచ్చు అని. మన దగ్గర ‘ముట్టు మూడు రోజులే మాకు సెలవు’ అన్న అమ్మమ్మల మాట కూడా ఇలాంటిదే. ఆ మాటలో నిజముంది. వెలివేతలో కూడా కాస్త చోటు వెతుక్కున్న ఆడవాళ్ళ తెలివిని నేను తక్కువ చెయ్యను. కానీ అపవిత్రురాలినని ఒప్పుకుంటే తప్ప నడుం వాల్చే హక్కు లేకపోవడాన్ని గౌరవం అని ఎలా పిలుస్తాం? విశ్రాంతి ఆమె శ్రమకి దక్కాల్సిన హక్కు. వెలివేతకి కొసరుగా దొరికేది హక్కు కాదు.

ఇప్పుడు మన గుండెకి దగ్గరైన ఆచారానికి వస్తాను. పురుడుకి పుట్టింటికి వెళ్ళడం. జపాన్‌లో దీన్ని ‘సతోగాయెరి’ అంటారు. ఎనిమిదో నెల చివర్లో అమ్మ ఊరికి వెళ్ళి, అక్కడే కని, నెలో రెండు నెలలో ఉండి వస్తారు. నా పక్కింటావిడ నేను ఎప్పుడు బయల్దేరుతున్నానని అడిగినప్పుడు, ఈ విషయంలో మనం అక్కచెల్లెళ్ళమే అనిపించింది. అమ్మ వండిన పథ్యం, అమ్మ పోసే నీళ్ళు, అమ్మ కట్టే నడికట్టు... ఇంతకంటే కావలసిందేముంది?

కావలసింది ఉంది. ఆ అమ్మ సంగతేమిటి? అరవై ఏళ్ళ మోకాళ్ళ నొప్పుల అమ్మ రాత్రంతా మేలుకుని బిడ్డని ఊపుతుంటే, ఆ బిడ్డ తండ్రి తన ఊళ్ళో నిద్రపోయి పొద్దున్నే ఆఫీసుకి వెళ్తాడు. చాకిరీ ఒక ఆడదాని భుజం మీద నుంచి ఇంకో ఆడదాని భుజం మీదకి మారింది, అంతే. మొగుడికి బిడ్డ ఏడుపు తెలియని ఆ రెండు నెలల్లోనే ఆ ఇంటి పనుల పంపకం స్థిరపడిపోతుంది. 2021లో జపాన్ ప్రభుత్వం చేసిన సర్వేలో ఆరేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళల్లో ఇంటి పనికీ పిల్లల పనికీ కలిపి భార్య రోజుకి 7 గంటల 28 నిమిషాలు పెడితే, భర్త పెట్టింది 1 గంట 54 నిమిషాలు. పితృత్వ సెలవు తీసుకునే మగవాళ్ళు 2024 నాటికి నూటికి నలభైకి చేరారు. మంచిదే. కానీ చాలామందికి అది కొద్ది వారాల ముచ్చట. 2020లో కోవిడ్ వచ్చి సతోగాయెరి మానుకోమన్నప్పుడు ఈ ఏర్పాటు ఎంత డొల్లదో బయటపడింది. అమ్మ లేకపోతే ఆ తల్లికి ఇంకెవరూ లేరు. భర్త ఉన్నాడు గానీ ‘ఎవరూ’ లెక్కలోకి రాలేదు!

మన దగ్గరయితే దీనికి ఖర్చు కూడా తోడవుతుంది. తొలి కాన్పు పుట్టింటివాళ్ళ బాధ్యత. ఆస్పత్రి బిల్లు, బారసాల బట్టలు, అల్లుడికి మర్యాదలు అన్నీ ఆడపిల్ల తండ్రి జేబులోంచే. వంశం వాళ్ళది, బిల్లు మనది!

ఇంటి కంటే పెద్ద అత్తగారు ప్రభుత్వం. జపాన్ వాళ్ళ ‘బోషి తెచో’, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య పుస్తకం, ప్రపంచమంతా మెచ్చుకున్నది. ఇండోనేషియా వంటి దేశాలు దాన్ని తెచ్చుకున్నాయి. నా దగ్గరా ఉంది. టీకాలు, ఎత్తు, బరువు అన్నీ పద్ధతిగా రాసి ఉంటాయి. ఆ పుస్తకం ఎన్నో ప్రాణాలు కాపాడిందనడంలో సందేహం లేదు. కానీ దాని పుట్టుక చూడండి. 1941 జనవరిలో జపాన్ ప్రభుత్వం జనాభా విధానం ప్రకటించింది. 1960 నాటికి పది కోట్ల జనాభా కావాలి, ప్రతి దంపతులూ సగటున ఐదుగురిని కనాలి. ‘కనండి, పెంచండి’ అన్నది యుద్ధకాలపు నినాదం. ఆ మరుసటి ఏడు, 1942లో, గర్భిణుల పుస్తకం వచ్చింది. అది చూపిస్తే రేషన్‌లో కాస్త అదనం. సైనికుల్ని కనే యంత్రానికి నూనె వేసినట్టు.

యుద్ధం ఓడిపోయింది. నోళ్ళు ఎక్కువయ్యాయి. 1948లో అదే రాజ్యం సుప్రజనన పరిరక్షణ చట్టం తెచ్చింది. 1996 వరకు ఆ చట్టం కింద దాదాపు పాతికవేల మందికి, ఎక్కువగా వైకల్యం ఉన్నవాళ్ళకి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. అందులో పదహారు వేలకు పైగా బలవంతంగానే. 2024 జులై 3న ఆ దేశపు సుప్రీంకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. బాధితుల్లో ఎంతమంది అప్పటికే చనిపోయి ఉంటారో!

ఏడేళ్ళ వ్యవధిలో ‘కను’ అన్న నోరే ‘కనకు’ అంది. 2007లో ఆరోగ్య మంత్రి హకువో యనగిసావా ఆడవాళ్ళని ‘కనే యంత్రాలు’ అన్నప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు. నిజానికి రాజ్యం మనసులో ఉన్నదే ఆయన నోరు జారి చెప్పాడు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళు ఈ కథని దూరం నుంచి చదవలేరు. 1990లలో కుటుంబ నియంత్రణలో దేశానికే ఆదర్శం అనిపించుకోవడానికి మన పల్లెల్లో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ ఆడపిల్లల్ని వరసగా పడుకోబెట్టి ట్యూబెక్టమీలు చేశారు. వేసెక్టమీ మగవాళ్ళు ఎంతమంది? వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు గాలి మారింది. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనని 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఆ నిబంధన పోవడం మంచిదే. కానీ అంతకు నెల ముందే ముఖ్యమంత్రి ఎక్కువమందిని కనమని బహిరంగంగా పిలుపిచ్చారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేల రూపాయలు, మగపిల్లాడైతే ఆవు అని ప్రకటించాడు. ఆవుని ఎవరు మేపాలో, బిడ్డని ఎవరు మొయ్యాలో వేరే చెప్పాలా? 1942 నాటి రేషన్ కార్డుకీ ఈ ఆవుకీ తేడా నాకు కనిపించడం లేదు.

‘కను’ అనే రాజ్యం ‘వద్దు’ అనే స్త్రీతో ఎలా వ్యవహరిస్తుందో కూడా జపాన్ నుంచే చూడాలి. ఆ దేశంలో గర్భస్రావం ఇప్పటికీ శిక్షాస్మృతిలో నేరమే. 1996లో పేరు మారిన మాతృ సంరక్షణ చట్టం కింద మినహాయింపు ఉంది గానీ దానికి భర్త సంతకం కావాలి. ఆ నిబంధన తీసెయ్యమని 2024 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి కమిటీ మరోసారి చెప్పింది. గర్భనిరోధక మాత్రకి అనుమతి ఇవ్వడానికి దశాబ్దాలు తటపటాయించిన ప్రభుత్వం, మగవాళ్ళ వయాగ్రాకి ఆరు నెలల్లో అనుమతి ఇచ్చింది. రెండూ 1999లోనే. మన 1971 చట్టం ప్రకారం వయసొచ్చిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు. అయినా ‘మీ ఆయన్ని తీసుకురామ్మా’ అనని ఆస్పత్రి ఎక్కడుంది?

పుట్టని బిడ్డల కోసం చేసే ‘మిజుకో కుయో’ అనే శాంతి పూజని చూసి కళ్ళు చెమర్చినవాళ్ళున్నారు. వరసగా చిన్న చిన్న జిజో విగ్రహాలు, మెడలో ఎర్ర గుడ్డలు. దుఃఖించే స్త్రీకి ఒక చోటు కావాలి, నిజమే. కానీ 1970ల నుంచి ఆ పూజ పెరిగిన తీరు వేరు. ‘పిండం పగబడుతుంది, ఇంటికి అరిష్టం’ అని పత్రికలూ కొన్ని గుళ్ళూ భయపెట్టి వ్యాపారం చేసుకున్న వైనాన్ని హెలెన్ హార్డెకర్ 1997లో పుస్తకంగా రాసింది. ఆ పగ తండ్రి మీదకి వెళ్ళినట్టు ఎక్కడా వినం.

2020లో కుమమోతో ప్రాంతంలో వియత్నాం నుంచి పనికొచ్చిన ఒక యువతి, గర్భం తెలిస్తే వెనక్కి పంపేస్తారన్న భయంతో దాచిపెట్టి, తన గదిలో ఒంటరిగా చనిపోయిన కవలల్ని కంది. వాళ్ళని తువ్వాల్లో చుట్టి, పేర్లు పెట్టి, ఉత్తరం రాసి పెట్టెలో ఉంచింది. శవాల్ని పారేసిందని ఆమె మీద కేసు పెట్టారు. రెండు కోర్టులు దోషి అన్నాయి. 2023 మార్చిలో సుప్రీంకోర్టు నిర్దోషి అంది. జననాలు లేవని గుండెలు బాదుకునే దేశమే, కనబోతున్న స్త్రీని అంతగా భయపెట్టింది. అంటే కావలసింది బిడ్డలు కాదు, తమకి నచ్చిన కడుపున, తాము చెప్పిన పద్ధతిలో పుట్టిన బిడ్డలు.

నచ్చని బిడ్డ సంగతి కూడా చెప్పుకోవాలి. ‘అగ్ని గుర్రం’ ఏడాదిలో పుట్టిన ఆడది మొగుణ్ణి మింగేస్తుందని నమ్మకం. అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. 1966లో ఆ భయంతో ఒక్క ఏడాదిలో జననాలు పాతిక శాతం పడిపోయాయి. మళ్ళీ ఆ ఏడాది 2026. మూలా నక్షత్రం పిల్ల మామగారికి గండం అని సంబంధాలు తప్పించే మనకి ఇది వింత కాదు. పెంకి ఆడపిల్ల పుడుతుందేమోనన్న భయం మాత్రం అన్ని పంచాంగాల్లోనూ ఒకటే.

మనం రాసేవాళ్ళం కాబట్టి చివరిగా రాతల సంగతి. జపాన్ పురాణగాథల తొలి గ్రంథం కోజికి, 712 నాటిది. అందులో ఆది దంపతుల తొలి బిడ్డ ఎముకల్లేని జలగలాగా పుడుతుంది. కారణం? పెళ్ళిలో ఆడది ముందు మాట్లాడింది! ఆ బిడ్డని రెల్లు పడవలో వదిలేసి, ఈసారి మగవాడు ముందు మాట్లాడి మళ్ళీ మొదలుపెడతారు. ఆడది నోరు తెరిస్తే కడుపు చెడుతుందన్న సిద్ధాంతానికి ఇంతకంటే పాత ప్రతి ఉందేమో నాకు తెలియదు.

ఆ సిద్ధాంతాన్ని అక్కడి స్త్రీలు రాసే బద్దలు కొట్టారు. పదిమందికి పైగా పిల్లల్ని కన్న కవయిత్రి యొసానో అకికో 1909లోనే పురిటి గది గురించి వ్యాసం రాసింది. 1911లో మొదలైన ‘సెయితో’ అనే స్త్రీల పత్రిక, 1915లో హరదా సత్సుకి గర్భస్రావం మీద రాసిన కథ అచ్చువేసినందుకు నిషేధానికి గురైంది. 1918-19లో మాతృత్వానికి రాజ్యం రక్షణ ఇవ్వాలా వద్దా అని అకికో, హిరత్సుకా రైచో, యమకావా కికుయే హోరాహోరీగా వాదించుకున్నారు. రాజ్యం ఇచ్చే సాయం ఎప్పుడు హక్కవుతుంది, ఎప్పుడు పగ్గమవుతుంది అన్న ఆ ప్రశ్న మన ఆవు పథకం ముందు కూడా నిలబడే ఉంది. 1970లలో అక్కడి విముక్తి ఉద్యమ స్త్రీలు, బిడ్డల్ని చంపుకున్న తల్లుల్ని రాక్షసులని తిట్టకుండా, వాళ్ళని అక్కడిదాకా తోసిందెవరని అడిగారు. 2020లో ఎమి యాగి నవలలో, ఆఫీసులో అందరి కాఫీ కప్పులూ కడిగీ కడిగీ విసిగిన ఒకమ్మాయి గర్భవతినని అబద్ధం చెబుతుంది. అప్పుడు గానీ ఆమెని మనిషిగా చూడరు!

మన కవయిత్రులు ‘లేబర్ రూం’, ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ అని కవితలు రాసినప్పుడు వాటిని నీలి కవిత్వం అన్నవాళ్ళు గుర్తున్నారు కదా. ఆ తిట్లు తిని మరీ తెరిచిన తలుపు అది. ఇప్పుడు గర్భ సంస్కారం శిబిరాలూ, ఖరీదైన సీమంతం ఫొటోలూ, ముగ్గుర్ని కనమనే ఉపన్యాసాలూ ఆ తలుపుని మళ్ళీ మూస్తున్నాయి.

అందుకని ఆచారాల గురించి రాసేటప్పుడు పూల జడలూ పొట్ట కట్లూ వర్ణించి ఆగిపోకండి. బాలింతకి ఎన్ని గంటల నిద్ర దొరికిందో రాయండి. బిల్లు ఎవరు కట్టారో రాయండి. నొప్పి మందు అడిగితే ఏమన్నారో, సంతకం ఎవరిది పెట్టించారో, బిడ్డ తండ్రి ఆ రాత్రి ఎక్కడున్నాడో రాయండి. కనాలా వద్దా, ఎందరిని, ఎప్పుడు, ఎలా అన్న మాట పంచాంగం నుంచీ, అత్తగారి నుంచీ, డాక్టరు నుంచీ, ముఖ్యమంత్రి నుంచీ వెనక్కి తీసుకోవాలి. ఈసారి ముందు మాట్లాడాల్సింది మనమే.